సమాధానం: పాత స్క్రిప్టులు ఆగిపోతాయన్న టెన్షన్ గురించి

ల్యాబ్ ఇమేజింగ్ సాఫ్ట్‌వేర్ మొత్తం తిరగరాస్తే రీసెర్చర్ల పాత స్క్రిప్టులు, ఫైళ్లు ఏమవుతాయని అడిగారు కదండీ. ముందు మెడికల్ స్కాన్‌లు చూసి విశ్లేషించే ఉచిత సాఫ్ట్‌వేర్ 3డీ స్లైసర్ చరిత్ర చూడండి. 2011లో 4.0 వెర్షన్‌కి స్క్రీన్ భాగాన్ని క్యూటీలోకి (బటన్లు, విండోలు తయారుచేసే టూల్‌కిట్) మార్చారు, కింద బొమ్మలు గీసే వీటీకే, స్కాన్‌లను ప్రాసెస్ చేసే ఐటీకే లైబ్రరీలను మాత్రం వదల్లేదు. మీరూ అలాగే లెక్కలు చేసే కోడ్ జోలికి పోకుండా ముందు ఇంటర్‌ఫేస్ విడదీయండి.

అసలు ప్రమాదం కోఆర్డినేట్లతోనే, అంటే శరీరంలో ఏ బిందువు ఎక్కడుందో చెప్పే అంకెలతోనే. స్కాన్ ఫైళ్ల ప్రామాణిక ఫార్మాట్ డైకామ్ ఎల్‌పీఎస్ (ఎడమ, వెనక, పై వైపులు ప్లస్) వాడుతుంది, స్లైసర్ లోపల ఆర్‌ఏఎస్ (కుడి, ముందు, పై వైపులు ప్లస్). పొరపడితే కుడి ఎడమవుతుంది, బొమ్మ మాత్రం చక్కగానే కనిపిస్తుంది! అందుకే సేవ్ చేసే ప్రతి ఫైల్ హెడర్‌లో (మొదట్లో ఉండే వివరాల భాగం) వీటిలో ఏ పద్ధతో రాయించండి. పాత డేటాలో ఓ ఇరవై స్కాన్‌లు తీసి, పాత, కొత్త వెర్షన్ల కొలతలూ రోజూ ఆటోమేటిక్‌గా పోల్చేలా పెట్టండి. బటన్ల రంగులు తర్వాత చూసుకోవచ్చు.