బడిలో పిల్లలు తగ్గారని మన పిల్లల్ని మార్చాలా?

ప్రశ్న: మాది నాగర్‌కర్నూల్ జిల్లాలో చిన్న పల్లె. ఊరి ప్రైమరీ స్కూల్లో 17 మందే మిగిలారు, సారు ఒక్కరే. బాబు అక్కడే నాలుగో తరగతి. పాప పక్కూరి జెడ్పీ హైస్కూల్లో ఏడో తరగతి. ఊళ్లో అందరూ టౌన్‌లో ప్రైవేటుకి పంపుతున్నారు. అప్పు చేసైనా ఇద్దర్నీ మార్చాలా?

జవాబు: అన్నా, ముందు అప్పు మాట పక్కన పెట్టండి. పొద్దున్నే పసుపు వ్యాను ఊళ్లోకొచ్చి హారన్ కొడుతుంటే, నడిచి బడికెళ్లే మన పిల్లల్ని చూసి గుండె కలుక్కుమంటుంది, నాకు తెలుసు. మీ ఒక్క ఊరి సంగతే కాదిది. పల్లె పిల్లల చదువు మీద చేసే అసర్ సర్వే ప్రకారం దేశంలో పల్లెల్లో 6-14 ఏళ్ల పిల్లల్లో సర్కారు బడిలో ఉన్నవాళ్లు 2022లో 72.9 శాతం, 2024కి 66.8 శాతానికి పడిపోయారు. కానీ బడిలో ఎంతమంది ఉన్నారన్నది వేరు, మీ పాపకి చదువు వస్తోందా అన్నది వేరు.

అది ఈ రాత్రే తేల్చుకోవచ్చు. తెలుగు పుస్తకంలో ఒక పేజీ చదివించి, మూసేసి, సొంత మాటల్లో చెప్పమనండి. 743ని 6తో భాగించమనండి, 123 వచ్చి 5 మిగలాలి. ఇవి వస్తే, లెక్కలకీ సైన్సుకీ టీచర్లుంటే, పాపని కదపొద్దు. ఎందుకంటే ఎనిమిదిలో రాసే ఎన్‌ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ పరీక్ష సర్కారు, ఎయిడెడ్ బడుల పిల్లలకే, ప్రైవేటుకి మారితే ఆ అవకాశం పోతుంది. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏటా 12,000, నాలుగేళ్లకి 48,000 రూపాయలు. ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు, ఏడో తరగతిలో 55 శాతం మార్కులుండాలి (ఎస్సీ, ఎస్టీలకు 5 శాతం సడలింపు), అంటే ఈ ఏడాది మార్కులే కీలకం. తర్వాత బాసర ట్రిపుల్ ఐటీ ఉంది, సీట్లు పదో తరగతి మార్కుల మీదే, హాస్టల్ లేని సర్కారు బడుల్లో చదివినవాళ్లకి డిప్రివేషన్ స్కోరు, అంటే వసతులు తక్కువున్న చోట చదివినందుకు అదనపు స్కోరు, కూడా కలుపుతారు.

నా టెన్షన్ అంతా బాబు గురించే. ఐదు తరగతులకి ఒక్క సారంటే, ఆయన ఎంత మంచివారైనా ఒకటో తరగతికి అక్షరాలు దిద్దిస్తుంటే నాలుగో తరగతి పిల్లలు ఖాళీగా కూర్చోవాల్సిందే. విద్యాహక్కు చట్టం 60 మంది లోపు పిల్లలున్న ప్రైమరీకి కూడా ఇద్దరు టీచర్లుండాలంటుంది. ఆ 17 మంది తల్లిదండ్రులూ సంతకాలు పెట్టి ఎంఈఓ (మండల విద్యాధికారి) గారికి అర్జీ ఇవ్వండి, ఒక్కరే వెళ్తే పని కాదు. ఈలోగా బాబుతో గురుకులం ఐదో తరగతి ఎంట్రన్స్ రాయించండి, సీటు రాకపోతే వచ్చే ఏడాది ఐదులో ఉండగా ఆరో తరగతి కోసం నవోదయ ఎంట్రన్స్. నవోదయలో కనీసం 75 శాతం సీట్లు పల్లె పిల్లలకే, కానీ 3, 4, 5 తరగతులు పల్లె బడిలోనే చదివుండాలి. ఇప్పుడు టౌన్‌కి మార్చారంటే ఆ కోటా చేజారిపోతుంది, ఈ సంగతి తెలియక మార్చేసి తర్వాత బాధపడ్డవాళ్లు నా దగ్గరికి వస్తూనే ఉంటారు.

కుల, ఆదాయ సర్టిఫికెట్లు మీసేవలో ముందే తీయించి పెట్టుకోండి, ఆఖరి రోజు సర్వర్ మొరాయిస్తే ఎవరూ ఏమీ చేయలేరు.