ఆపరేషన్ అయిన పిల్లాడికి పచ్చ వాంతులు: రేపటిదాకా ఆగొద్దు

ప్రశ్న: మాది అచ్చంపేట దగ్గర పల్లె. బాబుకు ఏడేళ్లు. అపెండిక్స్ పగిలిందని 12 రోజుల కింద మహబూబ్‌నగర్‌లో ఆపరేషన్ చేశారు. కుట్లు విప్పాక బాగానే తిన్నాడు. నిన్నటి నుంచి కడుపు నొప్పి, పచ్చగా వాంతులు. ఆర్‌ఎంపీ గ్యాస్ అని సూది వేస్తే నొప్పి తగ్గింది. ఏం తినిపించాలి? మళ్లీ ఆపరేషన్ అంటే తట్టుకుంటాడా?

జవాబు: తిండి సంగతి తర్వాత చూద్దామమ్మా. ఇప్పుడు బాబుకు నోటితో ఏమీ ఇవ్వకండి, ఓఆర్‌ఎస్ కూడా వద్దు. ఇది చదవగానే ఆపరేషన్ చేసిన ఆస్పత్రికే బయలుదేరండి. బండి దొరక్కపోతే 108కి ఫోన్ చేయండి.

పచ్చగా అన్నారు. పసుపా, ఆకుపచ్చా? రోట్లో నూరిన ఆకు పసరులా ఉంటే పేగులో ఎక్కడో దారి మూసుకుందనే అనుమానించాలి. పసుపైనా సరే, ఈ పిల్లాడిని ఇవాళే చూపించాలి. ఆ మధ్య ఒక తల్లికి వాంతి రంగేమిటో చెప్పడం రాక కొంగు మీది మరక చూపించింది. ముదురాకుపచ్చ. వెంటనే పాపకు ముక్కులో గొట్టం వేయించి, ఆ తర్వాతే ఎక్స్‌రేకు పంపాను.

అపెండిక్స్ పగిలిన పిల్లల్లో లోపల చీము గడ్డ కట్టొచ్చు, పేగులు ఒకదానికొకటి అతుక్కోవచ్చు. మీ బాబుకు ఏదైందో చూడకుండా చెప్పలేను. అందరికీ రెండో ఆపరేషన్ పడదు. చీమును చాలాసార్లు మందులతోనో, స్కానింగ్‌లో చూస్తూ గొట్టం వేసో తగ్గిస్తారు. పేగులు అతుక్కుంటే ముక్కులో గొట్టం, సెలైన్ పెట్టి ఒకటి రెండు రోజులు గమనిస్తారు. జ్వరం, నాడి వేగం పెరిగి పొట్ట గట్టిపడితే మాత్రం ఆగరు. పేగుకు రక్తం అందకపోతే గంటల్లోనే నల్లబడుతుంది. అప్పుడు ఆ ముక్క తీసేయాల్సి రావచ్చు. ఒంట్లో నీరు తగ్గిపోకముందే తీసుకొస్తే పిల్లలు చాలావరకు తట్టుకుంటారు.

ఆ సూది విషయం మాత్రం బాధగా ఉంది. పొట్ట కోసి ఇంకా రెండు వారాలైనా కాలేదు, నొప్పి అంటే గ్యాస్ అనుకోవడమేమిటి? సూదితో నొప్పి అణిగింది, లోపలి జబ్బు అలాగే ఉండొచ్చు. మీకు ఒక రాత్రి పోయింది. ఇంకో సూదికి, ఎనిమాకు, విరేచనాల సిరప్‌కు ఒప్పుకోకండి. ఏ మందు వేశాడో అడిగి చీటీ రాయించుకోండి.

అక్కడివాళ్లు హైదరాబాద్ నీలోఫర్‌కు రాస్తే ఇంటికి తిరిగి రాకుండా అటు నుంచి అటే వెళ్లండి. డిశ్చార్జి కాగితాలు దగ్గర పెట్టుకోండి. బాబు చివరిసారి మూత్రం ఎప్పుడు పోశాడు, గ్యాస్ ఎప్పుడు వదిలాడు, గుర్తు చేసుకోండి. అక్కడ అడుగుతారు.