లా చదివి ఎల్‌సీ కాగితాలు చూడటమేనా?

ప్రశ్న: మాది కాకినాడ. బియ్యం ఎగుమతి చేసే సంస్థలో 22 ఏళ్లుగా డాక్యుమెంటేషన్ చూస్తున్నాను. మా అమ్మాయి విశాఖలో ఐదేళ్ల లా కోర్సు నాలుగో సంవత్సరంలో ఉంది. మొన్న ముంబైలో ఒక లా ఫర్మ్‌లో ట్రేడ్ ఫైనాన్స్ (ఎగుమతి, దిగుమతులకు బ్యాంకులిచ్చే అప్పులు, హామీలు) టీమ్‌తో ఇంటర్న్‌షిప్ చేసింది. కోర్సు అయ్యాక చేరమని వాళ్లు ఆఫర్ ఇచ్చారు. అదే చేస్తానంటోంది. రోజంతా ఎల్‌సీలు (సరైన కాగితాలు చూపితే డబ్బు కడతామని కొనేవాడి బ్యాంకు ఇచ్చే హామీలు), బ్యాంకు గ్యారంటీలు చదవడమేనట. అది నేను చేసే గుమాస్తా పనే కదా? కోర్టుతో సంబంధం లేని లాయరేమిటి? జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాయమంటున్నాను. లేదంటే అప్పు చేసైనా లండన్‌లో ఎల్ఎల్ఎం (లాలో పీజీ) చేయిస్తాను. మూడింటిలో ఏది మంచిది? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మూడు దారులు పోల్చి చెప్పమన్నారు గానీ, బరువంతా ఒక్క మాట మీదే ఉంది: ‘నేను చేసే గుమాస్తా పనే కదా?’ ఈ మాట నాకు కొత్త కాదు. టీచర్ కూతురు బీఈడీ చేస్తానన్నా, బ్యాంకు క్యాషియర్ కొడుకు బ్యాంకు పరీక్షకే చదువుతానన్నా తల్లిదండ్రులు ఇదే బాధతో నా దగ్గరకు వస్తారు. మేం పడ్డది చాలు, పిల్లలు కూడా అక్కడే పడి ఉండొద్దని. కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం, పోలిక తర్వాత.

ఎల్‌సీల కోసం మీరు రోజూ వాడే యూసీపీ 600 నిబంధనలు పారిస్‌లోని అంతర్జాతీయ వాణిజ్య మండలి రాసినవి. 2007 జులై 1 నుంచి అమల్లో ఉన్నాయి. 39 అధికరణల్లో ఐదోది మీకు కంఠతా వచ్చే ఉంటుంది: బ్యాంకుకు కాగితాలతోనే పని, సరకుతో కాదు. కాకినాడ యాంకరేజీలో ఓడకెక్కిన బియ్యం ఎంత మేలురకమైనా, బిల్ ఆఫ్ లేడింగ్ (సరకు ఓడకెక్కినట్టు ఇచ్చే పత్రం) మీద తేదీ ఎల్‌సీ గడువు కంటే ఒక్క రోజు దాటితే డబ్బు ఆగిపోతుంది. పశ్చిమాఫ్రికాలో కొనేవాడి ముఖం మీ యజమాని ఎన్నడూ చూసి ఉండకపోవచ్చు. అయినా వేల టన్నులు పంపగలుగుతున్నాడంటే మధ్యలో ఆ కాగితం ఉండబట్టే. దాన్ని తప్పు లేకుండా తయారుచేసే మనిషిని మీ ఆఫీసులో గుమాస్తా అని పిలిచి ఉండొచ్చు, జీతమూ అలాగే ఇచ్చి ఉండొచ్చు. అది వాళ్ల లెక్క. ఆ లెక్కను మీరు కూడా నమ్మి, దాంతోనే కూతురి ఇష్టాన్ని కొలవడం నాకు నచ్చలేదు.

ఇప్పుడు మీ అమ్మాయి పనికి వద్దాం. మీరు పంపిన డాక్యుమెంట్లు ఎల్‌సీ ఇచ్చిన బ్యాంకుకు చేరాక, అవి సరిగ్గా ఉన్నాయో లేదో తేల్చడానికి ఆ బ్యాంకుకు ఎక్కువలో ఎక్కువ ఐదు పనిదినాలు ఉంటాయి. వద్దనుకుంటే లోపాలన్నీ ఒకే నోటీసులో రాసి చెప్పాలి. గడువు తప్పినా, నోటీసు సరిగ్గా ఇవ్వకపోయినా ఆ లోపాలు ఎత్తే హక్కు పోతుంది. అనుమానం వచ్చిన బ్యాంకు ఆ ఐదు రోజుల మధ్యలో ఏ సాయంత్రమో లాయర్‌కు ఫోన్ చేస్తుంది. ఇది నిజంగా లోపమేనా, డబ్బు ఆపితే రేపు కోర్టులో మేం నిలబడగలమా అని అడుగుతుంది. కోట్ల రూపాయల మీద మర్నాటికల్లా రాతపూర్వకంగా జవాబివ్వాలి. మీరు తయారుచేసే కాగితమే అది. కాకపోతే మీ అమ్మాయి దాన్ని అవతలి వైపు నుంచి చదువుతుంది.

కోర్టుతో సంబంధం లేని లాయరేమిటన్న మీ బాధలోనూ సగమే నిజం. ఒప్పందంలో మాట తప్పారంటూ గ్యారంటీ సొమ్ము కట్టమని ఎవరైనా బ్యాంకును అడిగారంటే చాలు, అవతలివాళ్లు ఆపు ఉత్తర్వు కోసం కోర్టుకు పరుగెత్తుతారు. మద్రాసుకు చెందిన తారాపూర్ అండ్ కంపెనీ కేసు గురించి మీ అమ్మాయిని అడగండి. ఫరక్కా బ్యారేజీ కాలువ తవ్వడానికి ఆ కంపెనీ సోవియట్ సంస్థ నుంచి యంత్రాలు కొని, బ్యాంకులో ఎల్‌సీ తెరిచింది. యంత్రాలు చెప్పినట్టు పనిచేయడం లేదని డబ్బు ఆపించబోయింది. 1960ల చివర్లో సుప్రీంకోర్టు కుదరదంది. సరకు మీద తగాదా ఉంటే అది విడిగా తేల్చుకోవాలి, ఎల్‌సీ మాట ఎల్‌సీదే. మోసం స్పష్టంగా కనిపిస్తే తప్ప, లేదా తిరిగి పూడ్చలేని అన్యాయం జరిగితే తప్ప కోర్టులు ఇలాంటి చెల్లింపుల్లో వేలు పెట్టవన్నది ఆ తర్వాతి తీర్పుల్లో గట్టిపడింది. మోసం ఎక్కడ మొదలవుతుంది, మామూలు తగాదా ఎక్కడితో అయిపోతుంది? ఈ రంగంలో లాయర్ల వాదనంతా ఆ గీత మీదే నడుస్తుంది.

మీ అనుభవంలోంచే ఇంకొకటి. 2023 జులై 20న కేంద్రం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని నిషేధించింది. కాకినాడలో ఆ వారం ఎలా గడిచిందో నాకంటే మీకే బాగా తెలుసు. లోడింగ్ అప్పటికే మొదలైన ఓడలకు మినహాయింపు ఇచ్చారు. మరి రేవుకు ఇంకా చేరని ఓడ సంగతి? సంతకమైన ఒప్పందం సంగతి? కొనేవాడు గ్యారంటీ సొమ్ము అడగొచ్చా? 2024 సెప్టెంబరు 28న నిషేధం ఎత్తేసేదాకా ఇలాంటి ప్రశ్నలు తెగలేదు. డాక్యుమెంట్ల బల్ల దగ్గర వాటికి సమాధానం దొరకదు. చట్టం తెలిసి, షిప్పింగ్ బిల్లు (కస్టమ్స్‌కు ఇచ్చే ఎగుమతి పత్రం) కూడా చదవగలిగిన లాయర్ కావాలి. అలాంటివాళ్లు మన దగ్గర చాలా తక్కువ. మీ ఇంట్లో ఒకరు తయారవుతున్నారు.

అలాగని రోజూ ఇంత ఉత్సాహంగా ఉంటుందని మీ అమ్మాయి అనుకుంటే తప్పు. మొదటి రెండేళ్లు అప్పు ఒప్పందాల డ్రాఫ్టులు సరిచూడటం, బోర్డు తీర్మానాలు తెప్పించడం, స్టాంపు డ్యూటీ లెక్క కట్టడం, సొమ్ము విడుదలకు ముందు రావలసిన కాగితాల జాబితాకు టిక్కులు పెట్టడం, ఆంక్షలున్న దేశాల ఓడలతో సంబంధం ఉందేమో చూడటం. రాత్రి పది దాటాక సింగపూర్ నుంచో లండన్ నుంచో కాల్. క్లయింటు ఎక్కువగా బ్యాంకే అవుతుంది. అంటే ఏదో ఒక రోజు మీలాంటి ఎగుమతిదారుకు ఎదురుగా, బ్యాంకు పక్షాన కూర్చోవాలి. అది ఆమె ముందే తెలుసుకుని వెళ్లాలి.

ఇంకో సందేహమూ చెప్పాలి. మన దేశంలో చాలా ఫర్మ్‌లలో ట్రేడ్ ఫైనాన్స్‌కు విడిగా టీమ్ ఉండదు. బ్యాంకింగ్ అండ్ ఫైనాన్స్ విభాగంలో అదొక మూల. ఇంటర్న్‌షిప్‌లో చూసిన పని ఉద్యోగంలో చేరాక అంతే దొరుకుతుందని లేదు. ఆర్నెల్లు పోర్టు ప్రాజెక్టు అప్పు, ఇంకో ఆర్నెల్లు దివాలా కేసు ఇవ్వొచ్చు. ఇది లోపమని నేననను, మొదట్లో అన్నీ చూడటం మంచిదే. కానీ ఆఫర్‌కు సరే అనేముందు ఆ టీమ్‌ను నడిపే పార్ట్‌నర్‌ను సూటిగా అడగాలి: ఏడాదిలో నా చేతికి ఎన్ని ఎల్‌సీ, గ్యారంటీ పనులు వస్తాయి, నాకు నేర్పేదెవరు? ఇంకా, కాగితాన్ని కాగితంతో పోల్చే పని సాఫ్ట్‌వేర్ చేతికి పోతోంది. బ్రిటన్ 2023లో ఎలక్ట్రానిక్ వాణిజ్య పత్రాలకు చట్టం చేసింది. మన దగ్గర 1856 నాటి బిల్స్ ఆఫ్ లేడింగ్ చట్టం స్థానంలో 2025లో కొత్తది వచ్చింది. కొత్త చట్టం అనుభవమున్న లాయర్‌కు పని తెస్తుంది. టిక్కులు పెట్టడం దగ్గరే ఆగిపోయిన జూనియర్‌కు మాత్రం కష్టం.

లండన్ గురించి కొంచెం ఎక్కువే చెబుతాను, ఎందుకంటే మీరు అప్పు చేస్తానంటున్నారు. అంతర్జాతీయ ట్రేడ్ ఫైనాన్స్ ఒప్పందాల్లో చాలావాటికి ఇంగ్లండ్ చట్టమే ఆధారం కాబట్టి ఆ ఊరికి విలువ ఉంది, కాదనను. కానీ ఎల్ఎల్ఎం డిగ్రీ చేతిలో ఉన్నంత మాత్రాన అక్కడ సొలిసిటర్ (క్లయింట్లకు సలహా ఇచ్చే లాయర్) కాలేరు. 2021 సెప్టెంబరులో వచ్చిన ఎస్‌క్యూఈ పరీక్ష రెండు దశల్లో పాసవ్వాలి. ఎల్ఎల్ఎం చేసినవాళ్లూ అది రాయాల్సిందే, చేయనివాళ్లూ రాయొచ్చు. ఇక్కడ న్యాయవాదిగా నమోదై అర్హత ఉన్నవాళ్లకు, అక్కడి విద్యార్థులకు ఉండే రెండేళ్ల పని అనుభవం షరతు కూడా లేదు. రెండు దశల పరీక్ష ఫీజు కలిపి 5 వేల పౌండ్ల దరిదాపుల్లో ఉంటుంది. లండన్‌లో పేరున్న చోట ఎల్ఎల్ఎంకు ఫీజే 30 వేల పౌండ్లు దాటుతుంది, ఇంటద్దె, తిండి వేరే. చదువయ్యాక అక్కడ ఉండనిచ్చే గ్రాడ్యుయేట్ వీసా కూడా 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవాళ్లకు రెండేళ్లు కాదు, 18 నెలలే. మీ అమ్మాయి వంతు వచ్చేసరికి ఆ 18 నెలల లెక్కే వర్తిస్తుంది.

కొన్నేళ్ల క్రితం ఒకబ్బాయి ఇలాగే వెళ్లాడు. తెలివైనవాడు, మంచి మార్కులు వచ్చాయి. అక్కడి ఫర్మ్‌లు అతన్ని అడిగింది ఒకటే: ఇంతవరకు ఏ క్లయింటుకు ఏం పని చేశావు? చెప్పడానికి అతని దగ్గర ఏమీ లేదు. తిరిగొచ్చి, ఇక్కడే ఉండిపోయిన తోటివాళ్లు మొదలుపెట్టిన జీతానికే హైదరాబాద్‌లో చేరాడు. ఇంటి మీద అప్పు మాత్రం ఉంది. అతను వెళ్లేముందు నన్ను అడిగాడు. నేను గట్టిగా వద్దనలేదు. ఆ తప్పు నాది. అందుకే మీకు గట్టిగా చెబుతున్నాను: అనుభవం లేకుండా ఇప్పుడే పంపొద్దు. ముంబైలో మూడేళ్లు చేశాక, అప్పటికీ లండనే కావాలనిపిస్తే ఆమె సొంత జీతంతో పరీక్ష ఫీజు కట్టుకుంటుంది. మీరు ఇల్లు తాకట్టు పెట్టక్కర్లేదు.

జడ్జి పరీక్ష వివరాలు మీకు తెలిసినవే, వదిలేస్తున్నాను. ఒక్క విషయం మాత్రం. 2025 మే 20న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో ఈ పరీక్షకు కనీసం మూడేళ్ల ప్రాక్టీసు మళ్లీ తప్పనిసరి అయింది. కోర్సు అవ్వగానే రాయించేద్దామన్న మీ లెక్క అక్కడే ఆగిపోతుంది. ఆ అనుభవానికి కోర్టు ప్రధాన న్యాయాధికారి సర్టిఫికెట్ గానీ, ఆయన ఆమోదంతో పదేళ్లు దాటిన న్యాయవాది సర్టిఫికెట్ గానీ కావాలి. బల్ల దగ్గర ఒప్పందాలు రాసిన మూడేళ్లను అలా చూపించడం కష్టం. కాబట్టి జడ్జి కావాలని ఆమెకే ఉంటే ముంబై వద్దు, కాకినాడలోనో విశాఖలోనో మంచి సీనియర్ దగ్గర చేరాలి. కానీ ఆ కోరిక మీ ఉత్తరంలో మీదిగా కనబడింది తప్ప ఆమెదిగా ఎక్కడా లేదు. ఆమెను అడిగారా? అడిగినట్టు ఒక్క వాక్యం కూడా రాయలేదు. ఎన్నో ఏళ్ల చదువు తర్వాత ఒక పిల్ల ‘నాకు ఇది నచ్చింది’ అని స్పష్టంగా చెబితే, ఆ మాట పూర్తిగా వినకముందే వేరే రెండు దారులు చేతిలో పెట్టడం పెద్దరికం అనిపించుకోదు.

చుట్టాలకు ఏం చెప్పాలన్న బెంగ కూడా మీకు లోపల ఉందని నా అనుమానం. జడ్జి అంటే అందరికీ తెలుసు, లండన్ అన్నా తెలుసు. ట్రేడ్ ఫైనాన్స్ లాయర్ అంటే పెళ్లిలో పక్క కుర్చీలో ఆయనకు అర్థం కాదు. మీకు అర్థమవుతుంది కదా, అది చాలు. కాకినాడలో ఆమె పనిని మీ అంత బాగా వివరించగల తండ్రి ఇంకెక్కడున్నాడు? ఇక నిలకడ గురించి. బ్యాంకింగ్, ఫైనాన్స్ పని నేర్చుకున్న లాయర్లకు బ్యాంకుల లీగల్ విభాగాలు, ఎగుమతి సంస్థలు, ఓడల కంపెనీలు, గుజరాత్‌లోని ఆర్థిక సేవల కేంద్రం గిఫ్ట్ సిటీ అన్నీ తలుపులే. ఫర్మ్ నచ్చకపోతే బయటికి దారి ఉంది. కోర్టులో ప్రాక్టీసు చేయాలన్నా ఆమె సనద్ (న్యాయవాదిగా నమోదు పత్రం) ఎక్కడికీ పోదు. నిద్ర పోగొట్టుకునేంత ప్రమాదం ఇందులో నాకు కనిపించలేదు.

ఆమె ఈసారి సెలవులకు ఇంటికొచ్చినప్పుడు, లోపాలున్నాయని బ్యాంకు తిప్పి పంపిన పాత ఎల్‌సీ ఏదైనా మీ యజమాని అనుమతితో, పేర్లు కొట్టేసి ఆమె ముందు పెట్టండి. మీరు ఆ రోజు ఏం చేశారో చెప్పండి, తనైతే ఏం రాసేదో ఆమెను చెప్పనివ్వండి. ఆ తర్వాత ఆఫర్ లెటర్ కాపీ నాకు పంపండి. నోటీసు పీరియడ్, బాండ్ లాంటి షరతులు ఏమైనా ఉన్నాయేమో సంతకానికి ముందు చూసి చెబుతాను.