అమెజాన్ అడవికి మా అమ్మాయిని పంపమంటారా?

ప్రశ్న: మా అమ్మాయి విద్యార్థి వీసా మీద అమెరికాలో డిగ్రీ మూడో సంవత్సరం చదువుతోంది. వచ్చే వేసవిలో ఈక్వడార్ దేశంలోని అమెజాన్ అడవుల్లో, తేనా అనే పట్టణానికి దగ్గరగా ఉన్న కిచ్వా గిరిజన గ్రామంలో మూడు వారాలుండి, సేవ చేస్తూ వాళ్ళ జీవనాన్ని నేర్చుకునే కోర్సులో చేరతానంటోంది. అందుకు 3,900 డాలర్లు మేమే కట్టాలట. సేవ చేసేవాళ్ళు ఎదురు డబ్బు కట్టడమేమిటో నాకు బోధపడలేదు. పిల్ల శాకాహారి. కోర్సు ముగియగానే చెన్నై మీదుగా నేరుగా ఇంటికి వస్తానంటోంది. పంపమంటారా?
– ఒక తండ్రి, కావలి

జవాబు: పంపవచ్చనే నా అభిప్రాయం. అయితే మీకు బోధపడని ఆ డబ్బు సంగతే మొదట తేల్చుకోవాలి, ఎందుకంటే మిగతా విషయాలన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి. మీరు కట్టే సొమ్ము బస, భోజనం, ప్రయాణం, బీమా, వెంట వచ్చే అధ్యాపకుల ఖర్చు, చివర్లో డిగ్రీ లెక్కలో చేరే క్రెడిట్ల కింద పోతుంది. అంటే మీ అమ్మాయి సేవ అమ్మడం లేదు, చదువు కొనుక్కుంటోంది. అందులో తప్పేమీ లేదు గానీ దాన్ని దానమనో త్యాగమనో పిలుచుకోకూడదు. అమెరికా విశ్వవిద్యాలయాల్లో 1960ల నుంచి సర్వీస్ లెర్నింగ్ అనే పేరుతో నడుస్తున్న ఈ పద్ధతిలో, ఇటువంటి చిన్న కోర్సుల్లో బరువు రెండో మాట మీదే, అంటే నేర్చుకోవడం మీదే ఎక్కువగా పడుతుంది. కిచ్వా భాష రాక, స్పానిష్ అంతంతమాత్రంగా వచ్చిన ఇరవై ఏళ్ళ పిల్ల, పుట్టినప్పటి నుంచి ఆ అడవిలో బతుకుతున్నవాళ్ళకు మూడు వారాల్లో చేసిపెట్టగలిగింది చాలా కొద్ది.

అందువల్ల కోర్సు నడిపేవారిని మీ అమ్మాయి చేత రెండు సంగతులు అడిగించండి. అక్కడ చేయబోయే పని కావాలని ఎవరు అడిగారు, గ్రామమా, విశ్వవిద్యాలయమా? కట్టే సొమ్ములో బస ఇచ్చే కుటుంబాలకు ఎంత ముడుతుంది? వీటికి సూటిగా జవాబు చెప్పగలిగితే కోర్సు మంచిదే. బడి గోడకు రంగులు వేయిస్తామనో, అనాథ పిల్లలతో నాలుగు రోజులు ఆడిస్తామనో చెబితే మాత్రం మరొకసారి ఆలోచించండి. రంగులు వేసేవాళ్ళు ఆ ఊళ్ళోనూ ఉంటారు, మనం ఉచితంగా వేస్తే వాళ్ళ కూలి పోతుంది. వారం వారం కొత్త ముఖాలకు అలవాటుపడి విడిపోవడం పసిపిల్లలకు మేలు చేసే పని కాదు.

ఇది పరదేశానికే చెందిన జబ్బు అనుకోకండి. నేను డిగ్రీ చదివేటప్పుడు ఎన్ఎస్ఎస్ శిబిరానికని బిట్రగుంట పక్కనున్న ఒక యానాదుల కాలనీకి వెళ్ళి, వారం రోజులు చెమటోడ్చి కాలనీ నుంచి రోడ్డు దాకా మట్టిబాట వేశాం. నవంబరు వానలకు అది ఆనవాలు లేకుండా కొట్టుకుపోయింది. ఆ తరువాత ఒక పెద్దాయన, బాట తాము ఎన్నడూ అడగలేదనీ, రేషన్ కార్డులకు అర్జీలు రాసిపెట్టే చదువుకున్న చెయ్యి ఒకటి దొరికితే చాలుననుకున్నామనీ ఎంతో మర్యాదగా చెప్పాడు. అర్జీ రాయడం వచ్చిన నలభై మందిమి గడ్డపారలు పట్టుకుని వెళ్ళామన్నమాట.

ఇక నేర్చుకోవడానికి ఆ అడవిలో ఉన్నది తక్కువ కాదు. తేనా ఉన్న నాపో ప్రాంతపు కిచ్వాలు తెల్లవారుజామున మూడు నాలుగు గంటలకే లేచి, పొయ్యి చుట్టూ కూర్చుని గ్వాయూసా అనే ఆకు కాచిన నీళ్ళు తాగుతూ, రాత్రి వచ్చిన కలలు చెప్పుకుంటారు. పెద్దవాళ్ళు ఆ కలలకు అర్థం చెప్పి, పిల్లలకు బుద్ధులు గరుపుతారు. ఇంటి ఆడవాళ్ళు చూసుకునే పొలాన్ని చక్రా అంటారు (మన చక్రానికీ దీనికీ చుట్టరికం లేదు). కర్రపెండలం, అరటి, కోకో, మందు మొక్కలు, నీడనిచ్చే పెద్ద చెట్లు అన్నీ ఒకే చేలో కలిసి పెరిగే ఈ సేద్యాన్ని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2023లో ప్రపంచ వ్యవసాయ వారసత్వాల జాబితాలో చేర్చింది. ఊరంతా కలిసి ఒకరి పని చేసిపెట్టే ఆచారం పేరు మింగా. నాట్లప్పుడు ఒకరి చేలోకి ఒకరు బదులుకు పోయిన మన పాత పద్ధతి ఎరిగినవారికి అది కొత్తగా ఉండదు. మీ అమ్మాయి అటువంటి మింగాలో ఊరివాళ్ళ వెనక నిలబడి, వాళ్ళు చెప్పిన పని చేయగలిగితే, నా దృష్టిలో అదే అక్కడ ఆమె చేయదగిన సేవ.

తిండికి ఇబ్బంది లేదు. అన్నం, చిక్కుడు గింజలు, కూర అరటి, కర్రపెండలం ఎలాగూ ఉంటాయి, అయితే ఆకులో చుట్టి కాల్చిన చేప తాను తిననని బస ఇచ్చే కుటుంబానికి ముందే తెలియజేయాలి. చిక్కల్లా చీచాతోనే. పేరు వినగానే మనకు ముఖం చిట్లించాలనిపించే ఈ పానీయాన్ని ఉడికించిన కర్రపెండలంతో చేస్తారు. అందులో కొంత భాగాన్ని ఆడవాళ్ళు నమిలి కలిపి పులియబెట్టడం సంప్రదాయం, లాలాజలం పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చడం వల్ల అది త్వరగా పులుస్తుంది. అతిథి దాన్ని తోసిపుచ్చితే ఇంటివాళ్ళు నొచ్చుకుంటారు కనుక, మర్యాద చెడకుండా తప్పించుకునే మార్గాన్ని అధ్యాపకులను ముందే అడిగి ఉంచుకోవడం మంచిది.

కాగితాల విషయంలో ఏమరుపాటు వద్దు. విద్యార్థి వీసాకు విశ్వవిద్యాలయం ఇచ్చే ఐ-20 పత్రం మీద ప్రయాణానికి అక్కడి అధికారి చేసే సంతకం ఏడాది లోపుదై ఉండాలి. పాస్‌పోర్టులోని అమెరికా వీసా గడువు తీరిపోయి ఉంటే, కెనడా, మెక్సికోలకు స్వల్పకాలం వెళ్ళివచ్చే వారికున్న వెసులుబాటు ఈక్వడార్‌కు వర్తించదు. కొత్త వీసా వేయించుకున్నాకే మళ్ళీ అమెరికాలో అడుగుపెట్టగలుగుతుంది. అంతకన్నా ముఖ్యమైనది ఎల్లో ఫీవర్ టీకా. ఆ వ్యాధి ఉన్న దేశాల జాబితాలో ఈక్వడార్ ఉంది. అక్కడి నుంచి బయలుదేరిన ఆరు రోజుల లోపు టీకా పత్రం లేకుండా మన విమానాశ్రయంలో దిగితే క్వారంటైన్‌లో పెడతారు. నేరుగా ఇంటికి వస్తానంటోంది కనుక ఇది మీరు తప్పక చూసుకోవలసిన విషయం. టీకా వేయించుకున్న పది రోజుల తరువాత ఆ పత్రం చెల్లుబాటులోకి వచ్చి జీవితాంతం పనిచేస్తుంది. గుడ్డు పడనివారు ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి.

ఏడాదికి 3,000 మిల్లీమీటర్లకు పైగా, అంటే మన నెల్లూరు వానకు దాదాపు మూడు రెట్లు కురిసే చోటు కాబట్టి మోకాళ్ళ దాకా వచ్చే రబ్బరు బూట్లు, దోమతెర తప్పనిసరి. ఈక్వడార్ ప్రభుత్వం 2024 జనవరిలో నేరముఠాల మీద సాయుధ పోరు ప్రకటించిన మాట నిజమే. హింస ఎక్కువగా గ్వాయాకిల్ వంటి సముద్రతీర నగరాల్లో ఉంది. తేనా పరిసరాల్లో ఏటి ఒడ్డున అక్రమంగా బంగారం తవ్వేవాళ్ళ బెడద ఉంది. ప్రయాణానికి ముందు ప్రభుత్వ హెచ్చరికలు చూసి, పరిస్థితి బాగా లేకపోతే కట్టిన సొమ్ము వెనక్కి ఇస్తారా అన్నది రాతపూర్వకంగా తీసుకోండి.

ప్రశ్న: మా డిగ్రీ కళాశాల పిల్లలు విదేశాలకు వెళ్ళే స్తోమత ఉన్నవారు కారు. ఇటువంటి అనుభవం వారికి ఇక్కడే కల్పించడం సాధ్యమా?
– ఒక అధ్యాపకురాలు, ఒంగోలు

జవాబు: సాధ్యమే. మన డిగ్రీ విద్యార్థులకు 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు ఎటూ ఉంది, ఎన్ఎస్ఎస్ ఏడు రోజుల ప్రత్యేక శిబిరమూ ఉంది. లోపమల్లా, ఎక్కువ చోట్ల పిల్లలు ఒక పూట ప్రశ్నావళి నింపుకుని వచ్చి మిగతాది ఇంట్లో కూర్చుని రాసేయడంలోనే ఉంది. వానల అడవే కావాలంటే కర్ణాటకలోని ఆగుంబే, కేరళలోని సైలెంట్ వ్యాలీ మనకు రైలు దూరంలోనే ఉన్నాయి. నన్నడిగితే అంత దూరం కూడా అక్కరలేదు. ఏ చెట్టుకు ఏ నెలలో తేనె పడుతుందో చెప్పగల నల్లమల చెంచులు, పాము జాడను మట్టిలో చదవగల యానాదులు మన పొరుగునే ఉన్నారు. గూడెం పెద్దల అనుమతి, అవసరమైన చోట అటవీ శాఖ అనుమతి తీసుకుని, పదిమందికి మించకుండా పంపండి. మొదటి వారం ఏ పనీ చేయకుండా వినడానికే కేటాయించండి. ఆ వారానికీ మార్కులు వేస్తే తప్ప పిల్లలు దాన్ని లెక్కచేయరు.

ప్రశ్న: మా అబ్బాయి పోయిన ఏడాది కోస్టారికా అడవుల్లో రెండు నెలలుండి వచ్చాడు. అప్పటి నుంచి ఇంట్లో ఏ వస్తువు కొన్నా, ఏ సంచి పారేసినా తగువే. వాడితో ఎలా వేగాలి?
– ఒక తల్లి, కందుకూరు

జవాబు: దూరదేశపు పల్లె నుంచి తిరిగివచ్చిన చాలామందికి సొంత ఇల్లే కొన్నాళ్ళు పరాయిగా తోస్తుంది, అందువల్ల మీ అబ్బాయిది వింత జబ్బేమీ కాదమ్మా. సంచుల విషయంలో మాత్రం వాడి మాట వినండి, అందులో న్యాయముంది. మన పొలాల గట్లను కమ్మేసిన సర్కారు తుమ్మా, మీ ప్రాంతపు పొగాకూ వాడు చూసివచ్చిన ఆ అమెరికా ఖండాల వైపు నుంచి వచ్చినవే. పొగాకును వేడి మీద ఆరబెట్టే కొట్టం, అంటే బ్యారన్, కాలేటప్పుడు దాని పొయ్యిలోకి ఎంత కట్టె పోతోందో ఒక సీజనంతా రైతు పక్కన కూర్చుని లెక్క రాయమని వాడితో చెప్పి చూడండి.