యురేనియం సీసం ఎలా అవుతుంది?

ప్రశ్న: తుమ్మలపల్లెలో తవ్వే యురేనియం ఎప్పటికో సీసంగా మారిపోతుందట, నిజమేనా? ఒక లోహం ఇంకోటి ఎలా అవుతుందండీ?
– ఒక పాఠకురాలు, కడప

జవాబు: నిజమేనండీ. ఒక పరమాణువు ఏ మూలకమో తేల్చేది దాని కేంద్రకంలోని ప్రోటాన్ల సంఖ్యే. యురేనియం-238లో అవి 92 (238 అంటే ప్రోటాన్లు, న్యూట్రాన్లు కలిపిన లెక్క). ఆల్ఫా కణం బయటికొస్తే రెండు ప్రోటాన్లు, రెండు న్యూట్రాన్లు పోయి థోరియం-234 మిగులుతుంది, ఆ తర్వాత బీటా క్షయంలో ఒక న్యూట్రాన్ ప్రోటాన్‌గా మారి ఎలక్ట్రాన్‌ను బయటికి వదులుతుంది కాబట్టి సంఖ్య మళ్లీ ఒకటి పెరుగుతుంది. ఇలా 8 ఆల్ఫాలు, 6 బీటాలు అయ్యాకే సీసం-206. సగం యురేనియం తరగడానికే దాదాపు 447 కోట్ల ఏళ్లు! నన్నడిగితే ఈ వరసలో గట్టిగా పట్టించుకోవాల్సింది మధ్యలో పుట్టే రాడాన్ అనే రేడియోధార్మిక మూలకాన్ని, ఎందుకంటే అది వాయువు, ఊపిరితో లోపలికి పోతుంది, అందుకే గనుల్లో గాలి బాగా ఆడేలా చూడటం తప్పనిసరి.