బ్రెస్ట్ వెళ్తున్న బుజ్జికి

బుజ్జీ,

ఫ్రాన్స్‌లో, అదీ బ్రెస్ట్‌లో సీటొచ్చిందని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మన ఇంట్లో సముద్ర శాస్త్రం చదివేవాళ్లు ఇంతవరకు లేరు, ఆ మాట ఇప్పటికే పది మందికి చెప్పుకున్నాను. కానీ టెన్షన్ కూడా పట్టుకుంది, నీ ఫ్రెంచ్ అంతా కళ్లతో చదివిందే, చెవితో విన్నది తక్కువ.

మాట చివరి హల్లు ఫ్రెంచ్‌లో చాలాసార్లు పలకరు. అయినా మీ ఊరి పేరులో చివరి రెండూ పలుకుతారు, అదీ 'బ్రెస్త్' అని. ఇంగ్లీషు అలవాటుతో ట, డ అనకు, వాళ్లవి మన త, ద లే. ముక్కుతో పలికే అచ్చుకి 'న్' తగిలించకు. 'పైన', 'కింద' అనే మాటలకి అక్కడ ఒక్క అచ్చే తేడా: పైన అనడానికి పెదాలు 'ఊ' అన్నట్టు చుట్టి లోపల 'ఈ' అనాలి, కింద అనడానికి ఉత్త 'ఊ' చాలు. అద్దం ముందు నిలబడి చెయ్యి, ఎవరూ చూడరు.

ఇక మీ పెదనాన్న సంగతి. వేల్స్‌లో మేం కార్డిఫ్ పక్కన లాండాక్ అనే చోట ఉండేవాళ్లం. రాతలో ఆ పేరు చివర ఓ, యు, జి, హెచ్ ఉంటాయి. వెల్ష్‌లో అక్కడ గొంతు గీరుకుంటూ వచ్చే 'ఖ్' లాంటి శబ్దం ఉండేది, ఇంగ్లీషు నోట అది 'క్' అయింది. ఈయనేమో తన ఇంగ్లీషు మీద నమ్మకంతో టాక్సీ అతనికి 'లాండౌ' అని చెప్పారు. ఖర్మకొద్దీ లాండౌ అనే ఊరు నిజంగానే ఉంది, పడమటి వైపు, పొలాల మధ్య! వానరాత్రి, ఇంట్లో మీ అన్నయ్య ఒళ్లు కాలిపోతోంది, నేనొక్కదాన్నే, అప్పట్లో చేతిలో ఫోన్లు కూడా లేవు. డ్రైవర్‌ని ఏమనగలం, అడిగిన ఊరికే తీసుకెళ్లాడు. ఈయన మాత్రం ఇప్పటికీ తప్పు స్పెల్లింగ్‌దే అంటారు.

అందుకే నీ వీధి పేరు, ఊరి పేరు అక్కడివాళ్ల నోటి నుంచి విని నేర్చుకో. మీ బ్రెస్ట్ వైపు పాత భాష బ్రెటన్ కూడా వెల్ష్‌కి దగ్గరి చుట్టమే, రోడ్డు బోర్డుల మీద కనిపిస్తుంది. కాంపేర్ ఊరికి బ్రెటన్ పేరు కెంపెర్. ఈ భాషల్లో మాట మొదటి అక్షరం మారిపోతుంది. వెల్ష్‌లో తండ్రి 'టాడ్', అతని తండ్రి 'ఇ డాడ్', ఆమె తండ్రి 'ఇ థాడ్'. తాతయ్య నీకు తిట్టి మరీ నేర్పిన గసడదవాదేశం గుర్తుందా, 'వాడు కొట్టె' కాస్తా 'వాడు గొట్టె' అవుతుందే? దాదాపు అలాగే. నిఘంటువులో మాట దొరక్కపోతే మొదటి అక్షరం మార్చి వెతుకు.

ఒంట్లో బాగోకపోతే 15కి గానీ 112కి గానీ ఫోన్ చెయ్యాలి. కంగారులో పేరు స్పెల్లింగ్ చెప్పాల్సి వస్తుంది. ఫ్రెంచ్‌లో జి అక్షరాన్ని 'జే' అంటారు, జె అక్షరాన్ని 'జీ' అంటారు, మన ఇంగ్లీషుకి సరిగ్గా తిరగబడి. నీ ఇంటి పేరులో రెండూ ఉన్నాయి తల్లీ! ఇప్పటి నుంచే బట్టీ పట్టు. ఎవరైనా నవ్వితే నవ్వనీ, నోరు మూసుకుని మాత్రం కూర్చోకు, చిన్నప్పుడు క్లాసులో అలాగే చేసేదానివి.

దిగగానే నీ చిరునామా ఫ్రెంచ్‌లో పలికి వాయిస్ మెసేజ్ పెట్టు. నాకు అర్థమవుతుందో లేదో నేను చూసుకుంటాను.

మీ పెద్దమ్మ