వరదలో పోయిన కోటు

చిరంజీవికి,

ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో 1864లో వచ్చిన వరద మీద నువ్వు రాసిన కథ రెండుసార్లు చదివాను. మొదటి రెండు పేజీలూ ఆ ఊరి పొగగొట్టాలే. అక్కడే పుట్టి పెరిగినవాడు పొగను పట్టించుకుంటాడటోయ్? తీసెయ్.

చాకులు చేసే నీ మేస్త్రీ ఫ్యాక్టరీ యజమానిలా తయారయ్యాడు. అలాంటివాళ్ళని అక్కడ 'లిటిల్ మెస్టర్' అనేవారు. అద్దె గది, ఒకరిద్దరు పనివాళ్ళు, శిష్యరికానికో కుర్రాడు, అంతే. పైగా సోమవారం పొద్దున్నే పనిలోకి దించావు. వాళ్ళు సోమవారం పని ఎగ్గొట్టి, దానికి 'సెయింట్ మండే' అని పేరు కూడా పెట్టుకున్నారు. వారం చివర్లో రాత్రీ పగలూ చాకిరీ. శుక్రవారం రాత్రి ఆ ఇంట్లో టెన్షన్ ఎలా ఉంటుందో రాయి.

కొడుకుని సానపట్టే పనిలో పెట్టాడని ఒక్క ముక్కలో తేల్చేశావు. నీళ్ళు లేకుండా పొడిరాయి మీద సానపట్టేవాళ్ళు 35 ఏళ్ళు దాటడం అరుదని ఆ ఊరి డాక్టర్ ఆర్నాల్డ్ నైట్ రాశాడు. రాతి దుమ్ము ఊపిరితిత్తులు తినేసేది. అది తెలిసిన తండ్రి శిష్యరికం ఒప్పందం మీద సంతకం పెడుతుంటే చెయ్యి ఆగదూ?

ఇక కాగితాలు. 1864 మార్చి 11 రాత్రి షెఫీల్డ్ దగ్గరి డేల్ డైక్ డ్యామ్ తెగి, ఆ వరదలో కనీసం 240 మంది పోయారు. నష్టపరిహారం కోసం జనం పెట్టుకున్న అర్జీలు వేలల్లో నేటికీ మిగిలి ఉన్నాయి. బట్టలు, కుర్చీలు, పనిముట్లు, పోయిన కూలి, అన్నిటికీ ధర కట్టి రాశారు. (నువ్వు పౌనుకి 100 పెన్నీలు లెక్కేశావు. అప్పట్లో 12 పెన్నీలకో షిల్లింగు, 20 షిల్లింగులకో పౌను. నీ పద్దులన్నీ మళ్ళీ కూడుకో.)

ఆ జాబితాల్ని ఉన్నదున్నట్టు నమ్మెయ్యకు. 1977 దివిసీమ ఉప్పెన తర్వాత మా ఊళ్ళో నష్టాల లెక్క రాసిపెట్టింది నేనే. పక్కింటాయన లేని గేదెనొకటి గడగడా చెప్పి రాయించాడు. మనవడి పేరు దగ్గరికొచ్చేసరికి నోరు పెగల్లేదు.

నీ మేస్త్రీ భార్య కూడా అలాంటి కాగితం ముందు కూర్చుంది కదా. మొగుడి పాత కోటుకి కొత్తదాని ధర వేస్తుందా, లేదా? వేస్తే, గుమాస్తా తలెత్తి చూసినప్పుడు ఏమంటుంది? ఆ పేజీ ఒక్కటీ తిరగరాసి పంపు. మిగతాది తర్వాత చూద్దాం.

ఆశీస్సులతో,
మీ మాస్టారు